టీషర్టు మీద అణుబాంబు

(ఆగస్టు 6, హిరోషిమా దినం నాడు కె.జి.ఎఫ్. రాబర్ట్‌సన్‌పేటలో జరిగిన కార్మికుల సభలో ఒక రిటైర్డు మిల్లు కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలిచినప్పుడు నన్ను ప్రపంచ శాంతి గురించి మాట్లాడమన్నారు. దాని గురించి మాట్లాడడానికి నాకంటే చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు రింగ్ ఫ్రేముల మధ్య నిలబడి పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది నూలు, గుడ్డ. అందుచేత ఒక టీషర్టు గురించి మాట్లాడతాను.

మన పేటలో ఒక అమ్మాయి ఉంది. పేరు అనవసరం. తెల్లవారకముందే మారికుప్పం బండి ఎక్కి బెంగుళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతుంది, రాత్రికి ఇల్లు చేరుతుంది. వాళ్ల నాయనా నేనూ ఒకే బళ్లో చదువుకున్నవాళ్లం కాబట్టి నన్ను మామా అంటుంది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో ఒక బొమ్మ గీసి చూపించింది. లైన్‌లోకి ఫోను తీసుకుపోనివ్వరు, అందుకని గీసింది. చూసి నేను చింతచెట్టు అనుకున్నాను.

“చెట్టు కాదు మామా, అణుబాంబు పొగ. నల్ల టీషర్టు మీద నారింజ రంగు ప్రింటు. మా లైన్‌లో ఇప్పుడు అదే ఆర్డరు నడస్తా ఉంది. పిల్లోళ్ల సైజులు కూడా ఉండాయి. దీన్ని కుట్టేది తప్పా?” అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లలో నా చేతిమీదుగా పోయిన నూలు ఏ గుడ్డ అయిందో, ఆ గుడ్డను ఎవరు తొడుక్కున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఈ పిల్ల అడిగింది. ఆమెకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్నదీ ఆలోచించిందీ ఇవాళ మీ ముందు పెడుతున్నాను. తప్పులుంటే సభ తర్వాత చెప్పండి, దిద్దుకుంటాను.

మొదట మన ఇంటి సంగతి చూసుకుందాం. అణుబాంబును ఆటవస్తువు చేసింది అమెరికావాళ్లే అని చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. దీపావళి వస్తే అంగడికి పోయి మనం ఏం అడుగుతాం? “ఒక పెట్టె ఆటంబాంబులు ఇవ్వన్నా.” దాని పక్కనే హైడ్రోజన్ బాంబు కూడా ఉంటుంది. శివకాశి నుంచి వచ్చే ఆ పెట్టెల మీద మంటలు, మెరుపులు, ఒక్కోసారి దేవతల బొమ్మలు కూడా. నా పిల్లలకు నేనే కొనిచ్చాను. మీలో కొనివ్వనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

ఆ టపాకాయను ఎప్పుడైనా విప్పి చూశారా? మన వృత్తివాళ్లు చూడాలి. లోపల మందు, దాని చుట్టూ కాగితం, పైన గట్టిగా చుట్టిన ఆకుపచ్చ పురి. పురి ఎంత బిగువుగా చుడితే చప్పుడు అంత పెద్దది. ఉత్తరాదివాళ్లు దాన్ని సుత్లీ బాంబు అంటారు. సుత్లీ అంటే జనపనార పురి. అదే వస్తువు, అదే చప్పుడు. వాళ్లు దాన్ని దేనితో చేశారో ఆ పేరుతో పిలుస్తున్నారు, మనం మాత్రం ఒక ఊరిని బూడిద చేసిన ఆయుధం పేరుతో పిలుస్తున్నాం. పేరులో ఏముంది అంటారేమో. పిల్లవాడికి ఆ మాట మొదటిసారి వినబడేది పండగ రోజున, కొత్తబట్టల్లో, చేతిలో మిఠాయితో. ఆ తర్వాత బళ్లో పాఠంలో హిరోషిమా వచ్చేసరికి వాడి మనసులో ఆ మాటకు అర్థం ఎప్పుడో స్థిరపడిపోయి ఉంటుంది. సినిమా బాగుంటే ఆటంబాంబు అంటాం, ఎవరైనా గట్టిగా మాట్లాడితే బాంబు పేల్చాడు అంటాం.

ఇంకొకటి. ఆ పేరు వెనక మరుగుపడేది హిరోషిమా ఒక్కటే కాదు, టపాకాయలు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు కూడా మరుగుపడతారు. 2023 అక్టోబరు 7న మనకు దగ్గర్లోనే, తమిళనాడు సరిహద్దులోని అత్తిబెలెలో టపాకాయల గోడౌను తగలబడి పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. తమిళనాడు నుంచి దీపావళి సీజను పనికి వచ్చిన చిన్న వయసు పిల్లలే ఎక్కువ. పెట్టె మీది బొమ్మలో వాళ్లు ఎక్కడా కనబడరు.

మిత్రులారా, పేలుడంటే ఏమిటో కె.జి.ఎఫ్.లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇక్కడి పెద్దలందరికీ ఎయిర్‌బ్లాస్ట్ తెలుసు. ఛాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతున బండ మీద ఎంత బరువు ఉంటుంది! తవ్వేకొద్దీ మిగిలిన బండ మీద ఒత్తిడి పెరిగి, చెప్పాపెట్టకుండా ఒక్కసారిగా పగులుతుంది. కింద అది పగిలితే పైన మన లైను ఇళ్లలో అలమర మీది గిన్నెలు కింద పడేవి. ఆ చప్పుడుకు చంటిపిల్లలు ఏడ్చేవాళ్లు, ఆడవాళ్లు మాత్రం ఏడ్చేవాళ్లు కాదు. కొంగు బిగించి షాఫ్టు వైపు పరుగెత్తేవాళ్లు. మా అమ్మ కూడా అలా పరుగెత్తిన రాత్రులు నాకు జ్ఞాపకం. పైకి వచ్చేవాళ్లందరి మొహాలూ దుమ్ముతో ఒకేలా ఉండేవి. మా నాయన చొక్కా మోచేతి దగ్గర ఆమె వేసిన మాసిక ఉండేది. ఆ మాసిక కనబడితే గానీ ఆమెకు ఊపిరి ఆడేది కాదు.

అలాంటి ఊళ్లో దీపావళికి ఆటంబాంబు కాల్చుకుని నవ్వుకున్నాం. నన్ను నేనే అడుగుతున్నాను, మనం ఎందుకు ఎయిర్‌బ్లాస్ట్ అని పేరుపెట్టి టపాకాయ అమ్మలేదు? ఎవడైనా అమ్మితే మా అమ్మ ఊరుకునేదా? చీపురు తీసుకుని అంగడి మీదికి పోయేది. అక్కడ చచ్చింది మనవాళ్లు. హిరోషిమాలో చచ్చింది ఎవరో.

అణుశక్తి కూడా మనకు కొత్త కాదు. మన గనుల్లోనే, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో గుర్తించారు. ప్రపంచంలో ఆ పని మొదట జరిగిన చోట్లలో మనది ఒకటి. అది మనకు గర్వకారణం, దాన్ని ఎవరూ కాదనరు. 1980లలో ఇంకొక పరీక్ష జరిగింది. అణు వ్యర్థాలను లోతైన బండలో దాస్తే ఆ వేడికి బండ ఎలా తట్టుకుంటుందో చూడడానికి, వదిలేసిన ఒక గని భాగంలో వెయ్యి మీటర్ల లోతున హీటర్లు పెట్టి కొలిచారు. అక్కడ వ్యర్థాలు పెట్టలేదు, హీటర్లు మాత్రమే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆ తర్వాత 2012 నవంబరులో కూడంకుళం కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, అణు వ్యర్థాలను కోలారు గనుల్లో పాతిపెడతారని వార్త వచ్చింది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అంగళ్లు మూశారు, ఊరేగింపులు తీశారు, పార్టీ భేదం లేకుండా కోలారు జిల్లా అంతా వద్దంది. చివరికి అలాంటి నిర్ణయమేదీ లేదని ప్రభుత్వం చెప్పింది.

ఆ సంవత్సరం దీపావళి ఎప్పుడో చూశాను. నవంబరు 13. అంటే అదే నెలలో మనం ఆటంబాంబులు కాల్చి, కొద్దిరోజులకే అణు వ్యర్థాలకు భయపడి రోడ్డెక్కాం. నేను ఎగతాళికి చెప్పడం లేదు, ఆ ఊరేగింపులో నేనూ నడిచాను. నిజమైన అణువు మన గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడు మనలో ఒక్కరికీ నవ్వు రాలేదని గుర్తు చేస్తున్నాను, అంతే.

ఇప్పుడు ఆ అమ్మాయి గీసిన చింతచెట్టు దగ్గరకు వద్దాం.

ఆ పొగ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? 1945 ఆగస్టు 6 పొద్దున 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా మీద బాంబు వేసిన విమానం తోకభాగంలో కూర్చున్న సైనికుడి చేతిలో కెమెరా ఉంది. వెనక్కి తిరిగి పోతూ తీసిన ఫొటోలు అవి. అంటే ఆ బొమ్మ బాంబు వేసినవాడి కళ్లతో చూసిన బొమ్మ. అంత ఎత్తు నుంచి మనిషి కనబడడు, ఇల్లు కనబడదు, కేక వినబడదు. చూడడానికి అందంగా కూడా ఉంటుంది, నిజం చెప్పుకోవాలి. కానీ ఆ పొగలో ఉన్నది ఊరే. ఇళ్ల దూలాలు, వంటసామాను, బడి బల్లలు, మనుషులు అన్నీ కలిసి పైకి లేచిన దుమ్ము అది. ఆ సంవత్సరం ముగిసేలోపు హిరోషిమాలో చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది.

అదే రోజు కింద, ఊళ్లో, ఇంకొక కెమెరా ఉంది. యోషితో మత్సుషిగే అనే పత్రికా ఫొటోగ్రాఫరుది. ఆయన ఊరంతా తిరిగి రోజంతటిలో తీయగలిగింది అయిదు ఫొటోలు. వంతెన దగ్గర కాలిన చర్మంతో కూర్చున్న బడిపిల్లలను చూసి మీట నొక్కడానికి చేతులు రాలేదని, కళ్లలో నీళ్లు తిరిగాయని తర్వాత చెప్పాడు. అమెరికా ఆక్రమణ సైన్యం పెట్టిన సెన్సారు పోయి 1952 వచ్చేదాకా అలాంటి ఫొటోలు లోకానికి సరిగ్గా చేరలేదు. పైనుంచి తీసిన ఫొటో మాత్రం మొదటి వారం నుంచే ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ టీషర్టుల మీద, కప్పుల మీద, తాళంచెవి గొలుసుల మీద ఉండేది ఏ ఫొటోనో మీకు తెలుసు. వంతెన దగ్గర పిల్లల ఫొటో ఎవరూ టీషర్టు మీద వేయరు. వేస్తే ఎవరూ కొనరు. బొమ్మలో మనిషి లేడు కాబట్టే అది సరుకు అయింది.

గుడ్డ పనిచేసేవాళ్లకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. హిరోషిమాలో తీసిన ఒక ఆడమనిషి వీపు ఫొటో ఉంది. ఆ రోజు ఆమె వేసుకున్న కిమోనో మీద ముదురు రంగు గళ్ల డిజైను. బాంబు మెరుపు వేడిని ముదురు రంగు పీల్చుకుంది, లేత రంగు తిప్పికొట్టింది. మన రంగుల సెక్షన్లో పనిచేసినవాళ్లకు తెలుసు, ఎండలో నల్లగుడ్డ వేసుకుంటే ఎంత కాలుతుందో. అదే సూత్రం. గుడ్డ మీది ముదురు రంగు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా చర్మం కాలింది. గుడ్డ కాలిపోయింది, డిజైను మాత్రం ఆమె వీపు మీద అచ్చుపడి మిగిలింది. ఆ గుడ్డను ఎవరో నేశారు, ఎవరో రంగు వేశారు. మనలాంటి చేతులే. అప్పుడు బాంబు గుడ్డ మీది బొమ్మను మనిషి ఒంటి మీద అచ్చువేసింది. ఇప్పుడు మనం ఆ బాంబు బొమ్మను గుడ్డ మీద అచ్చువేసి పిల్లవాడి ఒంటికి తొడుగుతున్నాం. అదీ నల్లగుడ్డ మీద.

ఆ రోజు హిరోషిమాలో వేలమంది బడిపిల్లలను, పన్నెండు పదమూడు ఏళ్లవాళ్లను, మంటలు పాకకుండా ఇళ్లు కూల్చే పనికి పంపారు. ఆ పిల్లల బట్టలు ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. మొహం చూసి గుర్తుపట్టడానికి వీలులేని పిల్లలను తల్లులు చొక్కా గుడ్డ చూసి, కుట్టు చూసి గుర్తుపట్టారు. మా అమ్మ మాసిక సంగతి ఊరికే చెప్పలేదు.

ఈ సరుకుల చరిత్ర చాలా పొడుగు, కొన్ని మాత్రం చెబుతాను. 1946 జూలై 1న అమెరికా బికినీ అనే పగడపు దీవి దగ్గర బాంబు పరీక్ష చేసింది. దానికి ముందే మార్చిలో అక్కడి 167 మందిని కొద్దికాలమని చెప్పి ఓడెక్కించి పంపించారు. పరీక్ష జరిగిన నాలుగు రోజులకు పారిస్‌లో ఒకాయన ఆడవాళ్ల ఈతబట్టలకు ఆ దీవి పేరు పెట్టి అమ్మకానికి పెట్టాడు. ఈ రోజుకీ ఆ దీవి ప్రజలు తిరిగి పోయి స్థిరంగా కాపురం ఉండలేకపోయారు. దీవి పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది మాత్రం ఆ రెండు గుడ్డముక్కలే. 1947లో అమెరికాలో ఒక తిండి కంపెనీ పెట్టె మూత, 15 సెంట్లు పంపితే పిల్లలకు అణుబాంబు ఉంగరం ఇచ్చింది. 1994లో అక్కడి తపాలాశాఖ పుట్టగొడుగు పొగతో బిళ్ల వేయబోయి జపాన్ అభ్యంతరం చెప్పాక మానుకుంది.

పరాయిదేశాలను అంటున్నాను గానీ, 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మన దేశంలో వీధుల్లో మిఠాయిలు పంచారు. అక్కడి ఇసుకను ఊరూరా ఊరేగించాలన్న ఆలోచన కూడా కొందరు చేసి, తర్వాత మానుకున్నారు. అవతల పాకిస్తాన్‌లో వాళ్లు పరీక్ష చేసిన చాగై కొండ నమూనాలు కట్టి కూడళ్లలో నిలబెట్టారు. ఈ విషయంలో ఇద్దరమూ అన్నదమ్ములమే.

టీషర్టు కేసు ఒకటి నిజంగా జరిగింది. దక్షిణ కొరియాలో బి.టి.ఎస్. అనే పాటల బృందం ఉంది, మీ ఇళ్లలో పిల్లలను అడిగితే చెబుతారు. అందులో ఒక కుర్రవాడు ఒకసారి పొగ బొమ్మ ఉన్న టీషర్టు తొడుక్కున్నాడు. ఆ బొమ్మతోపాటు దాని మీద విముక్తి, దేశభక్తి అనే మాటలు కూడా ఉన్నాయి. జపాన్ పాలన నుంచి కొరియాకు 1945 ఆగస్టులో విముక్తి వచ్చింది, ఆ అర్థంలో తయారుచేసిన చొక్కా అది. 2018 నవంబరులో గొడవ లేచి జపాన్ టెలివిజన్ ఒకటి వాళ్ల కార్యక్రమం రద్దు చేసింది. ఇది జపాన్‌కీ కొరియాకీ మధ్య పాత పగ అని పత్రికలు రాశాయి. పత్రికలు తక్కువగా చెప్పిన సంగతి ఏమంటే, హిరోషిమా, నాగసాకిలలో చనిపోయినవాళ్లలో వేలాదిమంది కొరియావాళ్లే. జపాన్ ఫ్యాక్టరీల్లో పనిచేయడానికి బలవంతంగా పట్టుకొచ్చిన కార్మికులు చాలామంది అందులో ఉన్నారు. బతికినవాళ్లలో ఎందరో కొరియాలోని హప్‌చన్ అనే చోట ఉన్నారు. చివరికి ఆ బృందం కంపెనీవాళ్లు అక్కడికి పోయి ఆ ముసలివాళ్లకు క్షమాపణ చెప్పుకున్నారు. విముక్తికి గుర్తుగా వేసిన బొమ్మ కింద తమ దేశపు కార్మికులే ఉన్నారని తెలుసుకోవడానికి వాళ్లకు అంతదూరం పోవలసి వచ్చింది.

ఆ బాంబుకు యురేనియం ఎక్కడిదని కూడా అడగండి. హిరోషిమా బాంబులో వాడిన దానిలో ఎక్కువ భాగం ఆఫ్రికాలో అప్పటి బెల్జియన్ కాంగోలోని షింకొలోబ్వే గని నుంచి వచ్చింది. మొదట దాన్ని తవ్వింది మన నాయనల్లాంటి గని కార్మికులు. పైన పొగలోనూ, కింద గనిలోనూ ఉన్నది కార్మికులే. బొమ్మలో ఇద్దరూ లేరు.

అమెరికాలో రిచ్‌లాండ్ అని ఒక ఊరుంది. నాగసాకి మీద వేసిన బాంబుకు ప్లుటోనియం తయారుచేసిన కర్మాగారం కోసం కట్టిన ఊరు, అంటే మన కె.జి.ఎఫ్. లాగా కంపెనీ ఊరు. అక్కడి హైస్కూలు జట్టు పేరు బాంబర్స్, గుర్తు పుట్టగొడుగు పొగ. పిల్లలు జాకెట్ల మీద అదే వేసుకుంటారు. మొదట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ల మీద కొంచెం జాలి కూడా కలిగింది. పని పోయినా పేరు మిగలాలని ప్రతి కంపెనీ ఊరికీ ఉంటుంది. 2018లో మన ఊరి పేరుతో సినిమా వచ్చింది, 2022లో రెండోది. దేశమంతా కె.జి.ఎఫ్. అని రాసిన టీషర్టులు తొడుక్కుని తిరిగారు. మనకు ఎలా అనిపించింది? నాకు మొదట సంతోషమే కలిగింది, దాచడం ఎందుకు. తర్వాత బండిలో ఒక కుర్రవాణ్ణి అడిగాను, “బాబూ, ఇది ఏ ఊరో తెలుసా?” అని. “సినిమా కదా అంకుల్” అన్నాడు. సిలికోసిస్‌తో దగ్గి దగ్గి చచ్చినవాళ్లు, మూడు కోట్ల టన్నులకు పైగా పేరుకున్న సైనైడు దిబ్బలు, ఎండాకాలంలో మన కంచాల్లో పడే ఆ దుమ్ము, ఇవేవీ ఆ టీషర్టులో లేవు. ఆ రోజు నా గుండెలో ముల్లులా గుచ్చుకున్నది ఏదో, హిరోషిమా ముసలమ్మకు ఆ పొగ బొమ్మ చూస్తే దానికి వెయ్యింతలు గుచ్చుకుంటుంది. ఆ బాంబుల నుంచి బతికి బయటపడినవాళ్ల సంఘం నిహోన్ హిదాంక్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్లలో చాలామందికి ఎనభై అయిదు దాటాయి. ఆ టీషర్టును చూసే కళ్లు ఇంకా బతికే ఉన్నాయి.

ఇక్కడ కొందరు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, దేశానికి రక్షణ వద్దా అని. అణుబాంబు ఉండాలా వద్దా అన్నది వేరే వాదం, మన సంఘంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను వద్దనేవాణ్ణి. కానీ కావాలనే అన్నకు కూడా నేను చెప్పేదేమంటే, అంత గంభీరమైన వస్తువు అయితే దాన్ని చంటిపిల్లవాడి పొట్ట మీద తమాషాగా ఎందుకు వేయడం? ఇంట్లో విషం సీసా ఉంచుకోవలసిన అవసరం ఉండవచ్చు, దాన్ని పాలసీసా పక్కన పెట్టం కదా. రెండోది, ఆ బొమ్మే ఎక్కడా వేయకూడదా అని. అలా నేననను. ఇవాళ ఈ గోడ మీద మన కుర్రవాళ్లు అంటించిన పోస్టరులోనూ అదే పొగ ఉంది. కానీ దాని కింద మనుషులున్నారు, లెక్క ఉంది, తేదీ ఉంది. అయినా గుర్తులు కూడా జారిపోతాయి, జాగ్రత్త. గుండ్రని గీత లోపల మూడు కాళ్ల గుర్తు ఒకటి మీరు ఎన్ని వేల టీషర్టుల మీద చూసి ఉంటారో! 1958లో ఇంగ్లండులో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా నడిచినవాళ్ల కోసం జెరాల్డ్ హోల్టమ్ అనే ఆయన గీసింది అది. జెండాలతో అక్షరాలు చూపే పద్ధతిలో అణు నిరాయుధీకరణ అనే ఇంగ్లీషు మాటల మొదటి రెండు అక్షరాలు అందులో కలిసి ఉన్నాయి. ఇప్పుడు దాన్ని కుట్టేవాళ్లకూ తెలియదు, తొడుక్కునేవాళ్లకూ తెలియదు.

సరే, ఆ అమ్మాయి ప్రశ్న మిగిలే ఉంది. కుట్టేది తప్పా?

నీది తప్పు కాదని ఆమెకు చెప్పాను. డిజైను వేసింది ఆమె కాదు, ఆర్డరు తెచ్చింది ఆమె కాదు. గంటకు ఇన్ని పీసులని టార్గెట్ పెడితే సూది కింద ఏ బొమ్మ పోతోందో చూసే తీరిక కూడా ఉండదు. ఒక్కతే మిషను ఆపితే మరుసటి రోజు గేటు బయట ఉంటుంది, ఆ పీసు పక్క మిషను మీద నడుస్తుంది. ఆమె జీతం మీద ఇంట్లో నలుగురు బతుకుతున్నారు. పెద్ద పెద్ద నీతుల బరువు తీసుకుపోయి అందరికంటే తక్కువ జీతం వచ్చేవాళ్ల నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేదు.

అంతమాత్రాన ఊరుకోమనీ చెప్పలేదు. 1984 జూలైలో ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో ఒక అంగట్లో మేరీ మానింగ్ అనే ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పంపరపనసల్లాంటి రెండు పళ్లకు బిల్లు వేయనంది. అక్కడి వర్ణవివక్షకు నిరసనగా. రెండు పళ్లు! ఆమెను సస్పెండు చేశారు, వెంట పదిమంది బయటికి వచ్చారు. దాదాపు మూడేళ్లు సమ్మె చేశారు. 1987లో దక్షిణాఫ్రికా పళ్లు, కూరగాయలు రాకుండా ఐర్లండు ప్రభుత్వమే నిషేధించింది. ఈ కథలో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ అమ్మాయి తనంతట తాను తెగించి చేయలేదు. ఆ సరుకు ముట్టవద్దని ముందే ఆమె యూనియన్ తీర్మానం చేసింది. ఆమె దాన్ని అమలుచేసింది. వెనక తీర్మానం ఉంది కాబట్టే ఆ పదిమంది లేచారు.

మన గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఎన్నింటిలో యూనియన్ ఉందో మీకే తెలుసు. అయినా ఆ ఆడపిల్లలకు బలం లేదని అనకండి. 2016 ఏప్రిల్‌లో ప్రావిడెంట్ ఫండ్ డబ్బు తీసుకునే రూలు మార్చినప్పుడు బెంగుళూరులో వేలాదిమంది గార్మెంట్ ఆడవాళ్లు, ఏ నాయకుడూ పిలవకుండానే హైవేల మీద కూర్చున్నారు. రెండు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం ఆ రూలు వెనక్కి తీసుకుంది. మిల్లుల కాలంలో మనకు కూడా అంత త్వరగా ఏదీ రాలేదు!

నేను అడిగేది అంత పెద్దది కూడా కాదు. తీర్మానం చిత్తుప్రతి రాసుకొచ్చాను. గుడ్డ మీద ఏ బొమ్మ, ఏ మాట పడుతోందో, దాని అర్థమేమిటో కుట్టేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. పిల్లల సైజుల మీద అణుబాంబు బొమ్మ వేయవద్దని మన సంఘం యాజమాన్యాలకూ, వాళ్ల ద్వారా బయ్యర్లకూ ఉత్తరం రాయాలి. అభ్యంతరం చెప్పిన కార్మికురాలిని ఆ కారణంగా లైన్ మార్చడం, జీతం కోయడం చేయకూడదు. ఒంటరిగా ఎవరూ మిషను ఆపవద్దు, ముందు సంఘానికి చెప్పండి. ఇంకొక వాక్యం చివర చేర్చాను, నవ్వకండి. ఈ దీపావళికి మన సంఘం సభ్యులు అంగట్లో ఆటంబాంబు అని అడగకుండా పురి బాంబు అని అడగాలి. అసలు కొనకపోతే ఇంకా మంచిది, పొగ తగ్గుతుంది. కానీ పిల్లలున్న ఇంట్లో అంతమాట నేను చెప్పలేను.

ఆ అమ్మాయికి ఈ చిత్తుప్రతి చూపించాను. చదివి, “మామా, ఆ ఆర్డరు పోయిన శుక్రవారమే షిప్‌మెంట్ అయిపోయింది” అంది. ఇప్పుడు లైన్‌లో పూల డిజైను నడుస్తోందట. చిత్తుప్రతి చింపవద్దంది, ఆర్డరు మళ్లీ వస్తుందట, రిపీట్ అని చెప్పారట.

తీర్మానం కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి, తమిళంలో రేపటికి వస్తాయి. బంగారుపేట వైపు పోవాల్సినవాళ్లు బండి టైము అవుతోంది, ముందు మీరు చదివి సంతకం చేయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో వెనక రాయండి.